కొలెస్ట్రాల్ – రక్తనాళాలు: కొంత చరిత్ర, కొంత మా ఇంటి సంగతి

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. సర్వీసు అనుభవాలైనా ఫరవాలేదన్నారు. ముప్ఫయి నాలుగేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపినవాడికి వ్రాయదగిన అనుభవాలు లేకపోలేదు గానీ, వాటిని మన మిత్రులు నాకంటె బాగా వ్రాసి ఉన్నారు. అందువల్ల వేరే విషయం ఎత్తుకుంటున్నాను. పెద్దలు ఓపికతో చదవాలి.

ఈ మధ్య మన సంఘ భవనంలో ఉచిత రక్తపరీక్షల శిబిరం జరిగింది. రిపోర్టులు చేతికి వచ్చిన రోజున మీలో చాలామంది అక్కడే ఉన్నారు. పదో తరగతి ఫలితాలు చూసుకునే పిల్లల్లాగా ఒకరి కాగితం ఒకరం లాక్కుని చూసుకున్నాం. "మీకెంత వచ్చింది?" "రెండువందల నలభై." "నాకు నూట తొంభై, నేను పాసు." ఇదీ వరస. మనందరికంటె సీనియరైన ఒక పెద్దాయన మాత్రం తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, "ఈ కొలెస్ట్రాల్ మా తాతల నాడు లేదండీ. మందుల కంపెనీలు పుట్టించిన జబ్బు ఇది" అన్నారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట నన్ను వదలలేదు. మా నాన్నగారు 1964లో, తన నలభై ఆరో యేట పోయారు. సమితి స్కూలులో హెడ్మాస్టరు. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వాకిట్లో పడక్కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు అడిగారు. అమ్మ చెంబుతో వచ్చేసరికి మనిషి లేరు. ఊళ్ళో ఉన్న ఒక్క డాక్టరూ వచ్చి చూసి, "గుండె ఆగింది" అని వెళ్ళిపోయారు. నాన్నగారు బక్కపలుచని మనిషి. చుట్ట, బీడీ ఎరుగరు. గుడ్డు ముట్టి ఎరుగరు. రోజూ రెండు మైళ్ళు నడిచి బడికి వెళ్ళేవారు. ఒక్క విశేషం మాత్రం ఉండేది. ఆయన రెండు మడమల వెనుకా, నరం మీద, ఉసిరికాయంత గట్టి గడ్డలు ఉండేవి. మోచేతుల దగ్గర కూడా పసుపుపచ్చని బొడిపెలు రెండుమూడు. చెప్పులు ఒరుసుకుని కాసిన కాయలని మేమంతా అనుకొనేవాళ్ళం. ఆ కాయల సంగతి తరువాత చెబుతాను. ముందు పెద్దాయన మాట చూద్దాం.

తాతల నాడు ఉందా?

మన తాతల నాడే కాదు, ఈజిప్టు రాజుల తాతల నాడు కూడా ఉంది. 1911లో మార్క్ అర్మాండ్ రఫర్ అనే వైద్యుడు ఈజిప్టులో మమ్మీల రక్తనాళాలను పరీక్షించి, వాటి గోడలలో సున్నం పేరుకుని గట్టిపడిన చోట్లను చూపించాడు. శవాలను కోయకుండా సి.టి. స్కాన్ చేసే వసతి వచ్చాక ఈ పని పెద్దయెత్తున జరిగింది. ఈజిప్టు, పెరూ, అమెరికా నైరుతి ప్రాంతం, అలాస్కా దగ్గరి అల్యూషన్ దీవులు, ఈ నాలుగు చోట్లకూ చెందిన 137 మమ్మీలను స్కాన్ చేసి 2013లో ఫలితాలు ప్రకటించారు. 47 శరీరాలలో, అంటే మూడింట ఒక వంతులో, నాళాలు పాడైన గుర్తులు ఉన్నాయి. వాళ్ళలో వేటాడి బ్రతికినవారూ ఉన్నారు, వ్యవసాయం చేసుకున్నవారూ ఉన్నారు. ఏ మందుల కంపెనీకీ వాళ్ళతో పనిలేదు.

చిత్రకారుడని మనం ఎరిగిన లియొనార్డో డావించి కూడా ఈ కథలో ఉన్నాడు. 1500 దాటిన తొలి సంవత్సరాలలో ఫ్లారెన్సు నగరంలోని సాంతా మరియా నువోవా ఆసుపత్రిలో ఒక ముసలాయనతో ఆయన మాట్లాడాడు. తనకు నూరేళ్ళు దాటాయని, నీరసం తప్ప ఏ బాధా లేదని చెప్పిన ఆ వృద్ధుడు మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అంత సుఖంగా ప్రాణం పోవడానికి కారణమేమిటో చూద్దామని లియొనార్డో ఆ దేహాన్ని కోసి చూశాడు. గుండెకు రక్తం తెచ్చే నాళం ఎండి కుంచించుకుపోయి ఉంది. రెండేళ్ళ పసివాడి దేహంలో అవే నాళాలు మెత్తగా, విశాలంగా ఉన్నాయి. ముదిరిన నారింజలో తొక్క దళసరెక్కి లోపలి గుజ్జు తగ్గినట్లే నాళాలు కూడా అవుతాయని తన నోటుపుస్తకంలో పోల్చి వ్రాసుకున్నాడు. ఆ పుస్తకాలు వందల యేళ్ళు అచ్చుకు నోచుకోలేదు. అందువల్ల ఆయన చూసింది వైద్యలోకానికి అప్పట్లో ఉపయోగపడలేదు.

ఇంకో ముచ్చట చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ మనకు స్కూలు పాఠాలలో తెలిసినవాడే. నడిస్తే గుండెలో పట్టేసినట్లుండి, ఆగితే తగ్గే నొప్పిని ఇంగ్లండులో విలియం హెబర్డెన్ 1768లో వర్ణించి దానికి ఆంజైనా అని పేరు పెట్టాడు. ఆ నొప్పితో పోయిన ఒక మనిషి గుండెను జెన్నర్ కోస్తుండగా కత్తి దేనికో తగిలి అంచు విరిగింది. గది పాతది, పైకప్పు పెచ్చులూడుతోంది. సున్నపు పెచ్చేదో రాలిపడిందనుకుని జెన్నర్ తల ఎత్తి పైకి చూశాడు. మళ్ళీ కిందికి చూస్తే ఆ గట్టి పదార్థం గుండె నాళంలోనే ఉంది. నాళం ఎముకలాగా తయారయింది!

జెన్నర్‌కు సంగతి అర్థమయింది. కానీ చాలాకాలం బయటపెట్టలేదు. కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. ఆయన గురువు, లండన్‌లో మహా శస్త్రవైద్యుడు జాన్ హంటర్‌కు అదే నొప్పి ఉంది. ఈ విషయం ప్రకటిస్తే గురువుగారికి తన గతి ఏమిటో తెలిసిపోతుందని శిష్యుడు నోరు మూసుకున్నాడు. హంటర్ మహా కోపిష్ఠి. 1793 అక్టోబరులో తన ఆసుపత్రి కమిటీ సమావేశంలో మాటామాటా పెరిగి, లేచి పక్కగదిలోకి వెళ్ళి అక్కడే కూలిపోయాడు. కోసి చూస్తే జెన్నర్ అనుకున్నట్లే ఉంది. (కమిటీ సమావేశాలలో ఆవేశపడే మన మిత్రులు ఈ పేరా రెండుసార్లు చదవగలరు.)

పిత్తాశయపు రాయి నుంచి ముయ్యి కుండ దాకా

గొట్టం పాడవుతుందని తెలిసింది. పాడుచేసే వస్తువు ఏదో తెలియడానికి ఇంకా వందేళ్ళు పట్టింది. కొలెస్ట్రాల్ అనే పదార్థం మొదట రక్తంలో దొరకలేదు. 1769 ప్రాంతంలో ఫ్రాన్సు దేశపు పుల్తియే ద లాసాల్ అనే ఆయన పిత్తాశయపు రాళ్ళలో నుంచి తెల్లని మైనం వంటి పదార్థాన్ని తీశాడు. 1815లో మరో ఫ్రెంచివాడు మిషెల్ షెవ్రూల్ దానిని విడిగా పరిశీలించి, పైత్యం, ఘనం అనే అర్థాలున్న గ్రీకు మాటలు కలిపి కొలెస్టరీన్ అన్నాడు. ఈ షెవ్రూల్ కొవ్వుల మీదా సబ్బుల మీదా కొవ్వొత్తుల మీదా జీవితమంతా పనిచేసిన మనిషి. 1786లో పుట్టి 1889లో పోయాడు, అంటే 102 యేళ్ళు! కొలెస్ట్రాల్‌కు నామకరణం చేసినవాడు మన పెన్షనర్లకు ఆదర్శప్రాయుడు కావడం నాకు సరదాగా ఉంటుంది. ఆ దేశపు ట్రెజరీ వారికి ఎలా ఉండేదో మరి.

1843లో జూలియస్ ఫోగెల్ అనే జర్మన్ వైద్యుడు, పాడైన ధమనుల గోడలలో ఉన్నది ఈ పదార్థమేనని చూపాడు. ఆ గడ్డను కోస్తే లోపల జావలాగా ఉంటుంది. జావకు గ్రీకు మాట ‘అథేరే’. దానికి గట్టిపడడమనే మాట చేర్చి 1904లో ఫెలిక్స్ మార్షాన్ ‘అథెరోస్క్లెరోసిస్’ అన్నాడు. ఇంత భయంకరమైన పేరుకు అసలు అర్థం గట్టిపడిన జావ. 1910లో ఆడోల్ఫ్ విండౌస్ లెక్క కట్టి, పాడైన బృహద్ధమనిలో మామూలు దానికంటె 20 రెట్లకు పైగా కొలెస్ట్రాల్ ఉందన్నాడు. ఈయనకు 1928లో నోబెల్ బహుమానం వచ్చింది.

కుందేళ్ళు చెప్పిన సాక్ష్యం

గోడలో దొరికినంత మాత్రాన అదే దొంగ అనలేం. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసు కూడా కనిపిస్తాడు. ఈ చిక్కు విప్పినవాడు రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న నికొలాయ్ అనిచ్‌కోవ్. అప్పటికి వయసు ముప్ఫయి నిండలేదు. ఆయనకంటె ముందు, 1908లో ఇగ్నటోవ్‌స్కీ అనే ఆయన కుందేళ్ళకు మాంసం, పాలు, గుడ్లు పెట్టి వాటి నాళాలు పాడవడం చూశాడు. మాంసకృత్తులే కారణమనుకున్నాడు. అనిచ్‌కోవ్, ఆయన సహచరుడు ఖలాతోవ్ కలిసి అసలు వస్తువునే పెట్టి చూద్దామనుకున్నారు. గుడ్డుసొన నుంచి తీసిన శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్ళకు తినిపించారు. మరికొన్ని కుందేళ్ళకు ఒట్టి నూనె పెట్టారు. కొద్ది నెలలలో మొదటి జట్టుకు మనుషులలో కనిపించే మడ్డి వంటిదే నాళాలలో పేరుకుంది. ఒట్టి నూనె తిన్నవాటికి ఏమీ కాలేదు. ఇది 1913లో ప్రకటించారు.

ఇంత స్పష్టమైన సాక్ష్యం వచ్చాక లోకం అదిరిపడి ఉండాలి. అదేమీ జరగలేదు. వేరేవాళ్ళు ఇదే పని ఎలుకలతోనూ కుక్కలతోనూ చేశారు. వాటికి ఏమీ కాలేదు. ఆకులు తినే కుందేలుకు గుడ్డుసొన పెడితే జబ్బు చెయ్యక ఏమవుతుంది, మనిషికీ దానికీ పోలికేమిటి అని కొట్టిపారేశారు. ఆ అభ్యంతరం తెలివితక్కువది కాదు. కాకపోతే ఎలుక, కుక్క తిన్న కొలెస్ట్రాల్‌ను చాలావరకు పైత్యరసంగా మార్చుకుని బయటికి పంపేస్తాయని, వాటి రక్తంలో అది పెరగదని తరువాత తేలింది. అసలు అనిచ్‌కోవ్ కుందేళ్ళలో చూసింది కూడా అదే కదా! రక్తంలో పెరిగితేనే గోడలో పేరుకుంటుంది. ముప్ఫయి యేళ్ళకు పైగా ఆ పని అటక మీదే ఉండిపోయింది. మన సెక్షన్లలో మంచి నోట్‌తో పెట్టిన ఫైలు తప్పు నంబరు బీరువాలోకి వెళ్ళి కూర్చున్నట్లు.

దుమ్ము దులిపినవాడు అమెరికాలో బర్క్‌లీలో ఉన్న జాన్ గోఫ్‌మన్. రసాయనశాస్త్రం, వైద్యం రెండూ చదివిన మనిషి. పెరుగును కవ్వంతో చిలికితే వెన్న పైకి తేలుతుంది కదా. ఆయన రక్తరసాన్ని నిమిషానికి వేలాది చుట్లు తిరిగే యంత్రంలో పెట్టి, అందులోని కొవ్వు మూటలను వాటి బరువుల ప్రకారం విడదీశాడు. నూనె నీటిలో కలవదు. కొలెస్ట్రాల్ రక్తంలో ప్రయాణించాలంటే ప్రోటీన్ చుట్టిన మూటలుగా వెళ్ళాలి. తక్కువ సాంద్రత ఉన్న మూటలు ఎల్.డి.ఎల్., ఎక్కువ సాంద్రత ఉన్నవి హెచ్.డి.ఎల్. మన రిపోర్టు కాగితం మీద కనిపించే ఆ అక్షరాలు ఇక్కడి నుంచి వచ్చినవే. ఏ మూటలు ఎక్కువైతే గుండెజబ్బు ఎక్కువో ఆయన 1950లో ప్రకటించాడు.

అదే కాలంలో ఇంకొక పని నడుస్తోంది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్‌లో మెదడులో నరం చిట్లి పోయినప్పుడు ఆయన రక్తపోటు 300కు 190. అంతటి మనిషికి కూడా చేయగలిగిన వైద్యం లేకపోయింది. 1948లో అక్కడి ప్రభుత్వం గుండెజబ్బుల పరిశోధనకు చట్టం చేసింది. ఆ యేడే మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న ఊరిలో 5,209 మంది స్త్రీపురుషులను ఎంచుకుని, రెండేళ్ళకొకసారి పరీక్షిస్తూ, ఎవరికి గుండెజబ్బు వస్తుందో కనిపెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పిల్లలను, మనవలను కూడా చేర్చుకుంటూ ఇన్ని దశాబ్దాలు నడిపారు. 1961లో వచ్చిన ముఖ్యమైన ఫలితం మూడు విషయాలను వేలెత్తి చూపింది. రక్తంలో ఎక్కువ కొలెస్ట్రాల్, ఎక్కువ రక్తపోటు, ఇ.సి.జి.లో గుండె గోడ మందమైన గుర్తు. పొగాకు సంగతి ఆ వెంటనే కలిసింది. ‘రిస్క్ ఫ్యాక్టర్’ అనే మాట డాక్టర్ల నోట నానడం అప్పటి నుంచే. అంతకుముందు, వయసుతో రక్తపోటు పెరగడం సహజమేనని చాలామంది పెద్ద డాక్టర్లే అనేవారు.

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను కోసి చూసిన సంగతి 1953లో అచ్చయింది. సగటు వయసు 22. నూటికి 77 మందిలో గుండె నాళాలు ఎంతో కొంత పాడయ్యే ఉన్నాయి. ముసలితనపు జబ్బు అనుకున్నది ఇరవైలలోనే మొదలవుతోందన్నమాట.

మన రైల్వేవారి లెక్క

మన దేశం సంగతి కూడా ఒకటి చెప్పాలి. రైల్వేలో వైద్యాధికారిగా ఉన్న డాక్టర్ ఎస్.ఎల్. మల్హోత్రా, దేశమంతటి రైల్వే ఉద్యోగుల మరణాల రికార్డులు తీసి, పది లక్షలకు పైగా ఉద్యోగుల లెక్కను 1967లో బ్రిటిష్ పత్రికలో ప్రకటించారు. నెయ్యి, పాలు ధారాళంగా వాడే ఉత్తరాదివారి కంటె, గింజనూనెలతో వంట చేసుకునే దక్షిణాదివారిలో గుండెజబ్బు మరణాలు ఏడు రెట్లు ఎక్కువ! నెయ్యి మంచిదనేవారు ఈ లెక్కను నేటికీ చూపిస్తారు. నా బుద్ధికి తోచినది చెబుతాను. ఇది సర్వీసు రికార్డులలోని మరణాల లెక్కే గాని, ఆ ఉద్యోగుల రక్తంలో ఏముందో ఒక్కొక్కరిదీ కొలిచిన లెక్క కాదు. రికార్డులు వ్రాసే గుమాస్తాలం మనం కనుక ఏ కాలమ్‌లో ఏది ఎలా చేరుతుందో మనకు తెలుసు. అయినా ఒక్క సంగతి అది గట్టిగా చెప్పింది. కొవ్వు తక్కువ తినే దక్షిణాదివాడికి గుండెజబ్బు రాదనుకోవడం పొరపాటు. 52 దేశాలలో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశీలన 2004లో వెలువడింది. మన భారత ఉపఖండం వారికి మొదటి గుండెపోటు ఇతర దేశాలవారి కంటె అయిదారేళ్ళు ముందే వస్తున్నదని అది తేల్చింది.

మడమల వెనుక కాయలు

నాన్నగారు పోయిన 1964లోనే కాన్‌రాడ్ బ్లాక్, ఫియొడోర్ లీనెన్ అనే ఇద్దరికి నోబెల్ బహుమానం ఇచ్చారు. ఒంట్లో కొలెస్ట్రాల్ ఎలా తయారవుతుందో అంచెలంచెలుగా చూపినందుకు. మనం గ్రహించవలసింది ఇదే. కొలెస్ట్రాల్‌లో అధిక భాగం కంచంలో నుంచి రాదు, ఒంట్లోనే, ముఖ్యంగా కాలేయంలో తయారవుతుంది. ప్రతి కణం గోడకూ, పైత్యరసానికీ, కొన్ని హార్మోన్లకూ అది కావాలి. అనిచ్‌కోవ్ కూడా ఆ యేడే మరణించాడు.

2019లో ఒక రోజు హైదరాబాదు నుంచి మా అన్నయ్య కూతురు ఫోను చేసింది. ఇన్సూరెన్సు కోసం చేయించుకున్న పరీక్షలో మొత్తం కొలెస్ట్రాల్ 342 వచ్చిందట. డాక్టరు ఆమె మడమలు తడిమి చూసి, మీ నాన్నగారు ఎన్నేళ్ళకు పోయారని అడిగారట. మా అన్నయ్య 1992లో, యాభై ఒకటో యేట, ఆఫీసు మెట్ల మీద పోయాడు. "బాబాయ్, తాతయ్యకు మడమల వెనుక గడ్డలేమైనా ఉండేవా?" అని అడిగింది. నాకు కాసేపు నోట మాట రాలేదు. అన్నయ్యకు కూడా ఉండేవి.

అవి చెప్పుల కాయలు కావు. స్నాయువుల మీద పేరుకున్న కొలెస్ట్రాల్ గడ్డలు. ఇవి ఉన్న కుటుంబాలలో రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంటుందని, చిన్న వయసులో గుండెజబ్బు వస్తుందని నార్వే దేశంలో కార్ల్ ముల్లర్ 1938లోనే వ్రాశాడు. నాన్నగారు పోవడానికి ఇరవై ఆరేళ్ళ ముందు! అలా ఎందుకవుతుందో అమెరికాలోని డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు మిత్రులు 1973, 1974 సంవత్సరాలలో కనిపెట్టారు. కాలేయ కణాల పైన ఎల్.డి.ఎల్. మూటలను అందుకుని లోపలికి తీసుకునే చేతుల వంటివి ఉంటాయి. వాటిని రిసెప్టర్లు అంటారు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక జన్యువు చెడిపోయి వస్తే ఆ చేతులు సగమే ఉంటాయి. పాలవాడు వాకిట్లో అరిచినా గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు లేనట్లు, మూటలు రక్తంలోనే తిరుగుతుంటాయి. పుట్టిన నాటి నుంచి ఎల్.డి.ఎల్. రెట్టింపు ఉంటుంది. ఇద్దరి నుంచీ చెడ్డ జన్యువు వస్తే బాల్యంలోనే గుండెపోటు. ఈ పనికి వారిద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది.

ఈ లోపం సుమారు 250, 300 మందిలో ఒకరికి ఉంటుందని ఇప్పటి అంచనా. పిల్లలలో ఒక్కొక్కరికి సగం సగం అవకాశం. మా ఇంట్లో అన్నయ్యకు వచ్చింది, నాకు రాలేదు. శిబిరంలో నూట తొంభై అని గొప్పగా చెప్పుకున్నవాణ్ణి నేనే. అందులో నా ప్రతిభ ఏమీ లేదు. మన సభ్యులలో ఎవరి తండ్రిగాని, తోబుట్టువుగాని యాభై అయిదు లోపల (ఆడవారైతే అరవై లోపల) గుండెపోటుతో పోయి ఉంటే, దయచేసి పిల్లలకూ మనవలకూ ఒకసారి రక్తపరీక్ష చేయించండి. పిల్లలు సన్నగా ఉన్నారు కదా, శాకాహారులం కదా అని ఊరుకోకండి. నాన్నగారు రెండూను.

బియ్యం బూజు

ఇక మందు కథ. జపాన్‌లో ఉత్తరాన అకితా ప్రాంతంలో రైతు కుటుంబంలో 1933లో పుట్టిన అకిరా ఎండోకు చిన్నప్పటి నుంచి పుట్టగొడుగులు, బూజుల మీద మోజు. తాతగారు నేర్పిన విద్య. బూజు నుంచి పెన్సిలిన్ తీసిన ఫ్లెమింగ్ ఆయనకు ఆదర్శం. 1966 నుంచి రెండేళ్ళు న్యూయార్కులో ఉన్నప్పుడు, గుండెపోటు వచ్చినవాళ్ళను తీసుకుపోయే అంబులెన్సులను తరచుగా చూశారట. టోక్యోకు తిరిగి వెళ్ళి, తాను పనిచేసే సాంక్యో కంపెనీలో 1971లో వెతుకులాట మొదలుపెట్టారు. ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీని ఆపే పదార్థం ఏదో ఒక బూజులో ఉండకపోతుందా అని ఆయన ఊహ. రెండేళ్ళలో సుమారు ఆరు వేల రకాలు పరీక్షించారు. 1973లో క్యోటో నగరంలో ఒక ధాన్యపు దుకాణం నుంచి తెచ్చిన బియ్యం మీది నీలిపచ్చ బూజులో అది దొరికింది. మన అమ్మమ్మలు పారబోసే బూజు బియ్యమే!

మళ్ళీ ఎలుకలే అడ్డుపడ్డాయి. ఎలుకలకు ఆ మందు పెడితే కొలెస్ట్రాల్ తగ్గలేదు. కంపెనీలో అందరూ పెదవి విరిచారు. కోళ్ళ మీద పనిచేసే ఒక సహోద్యోగి గుడ్లు పెట్టే కోళ్ళను ఇచ్చారు. గుడ్డులో అంత కొలెస్ట్రాల్ పోసే కోడి రక్తంలో అది దండిగా ఉండాలి కదా! కోళ్ళలో సగానికి సగం తగ్గింది. 1978లో ఒసాకాలో ఒక డాక్టరు, వంశపారంపర్యపు తీవ్రమైన జబ్బు ఉన్న 18 యేళ్ళ అమ్మాయికి మొదటిసారి ఇచ్చారు. కొలెస్ట్రాల్ తగ్గింది గాని కండరాల నీరసం వచ్చింది. మోతాదు తగ్గించి మరి కొందరికి ఇచ్చారు. 1980లో కుక్కలలో అధిక మోతాదు ఇచ్చినప్పుడు అనుమానాలు రావడంతో కంపెనీ ఆ మందును విడిచిపెట్టింది. ఈలోగా అమెరికాలో మెర్క్ కంపెనీ ఇంకొక బూజు నుంచి అదే కోవకు చెందిన లోవాస్టాటిన్ తీసింది. 1987 సెప్టెంబరులో అక్కడ దానికి అనుమతి వచ్చింది. అట్లా వచ్చినవే ఇప్పుడు మనం వేసుకునే స్టాటిన్ మాత్రలు. వాటి పని తమాషాగా ఉంటుంది. కాలేయంలో తయారీ తగ్గేసరికి, కాలేయం తన అవసరం కోసం ఆ ‘చేతులను’ పెంచుకుని రక్తంలోని మూటలను లాక్కుంటుంది.

ఎండో గారికి ఈ మందు వల్ల ధనం రాలేదు, నోబెల్ రాలేదు. ముసలితనంలో ఆయనకే కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువ వచ్చిందట. ఎదుట ఉన్నది ఎవరో తెలియని డాక్టరు, "భయపడకండి, దీనికి మంచి మందులున్నాయి" అని ధైర్యం చెప్పాడట. ఈయన మాత్రం వ్యాయామంతో తగ్గించుకుందామని చూశారట. 2024 జూన్‌లో 90 యేళ్ళ వయసులో పోయారు.

మందుతో మరణాలు నిజంగా తగ్గుతాయా అనే ప్రశ్నకు 1994 దాకా గట్టి జవాబు లేదు. స్కాండినేవియా దేశాలలో గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగానికి స్టాటిన్, సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్ళకు పైగా చూశారు. ఉత్తుత్తి మాత్ర వారిలో 256 మంది, స్టాటిన్ వారిలో 182 మంది మరణించారు. మన పెద్దాయన అన్నట్లు కంపెనీలు కోట్లు గడించాయి, అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ 74 మంది తేడా కూడా అబద్ధం కాదు.

గోడ లోపల ఏం జరుగుతుంది?

మనం సాధారణంగా నీళ్ళ గొట్టంలో పాకుడు పట్టినట్లు ఊహించుకుంటాం. అది సగమే నిజం. మడ్డి గొట్టం లోపలి ఉపరితలం మీద కాదు, గోడ పొరల మధ్యలో చేరుతుంది. అధికంగా ఉన్న ఎల్.డి.ఎల్. మూటలు లోపలి పొర దాటి గోడలో చిక్కుకుని చెడతాయి. వాటిని ఊడ్చడానికి రక్తంలోని తెల్లకణాలు వచ్చి, మింగి మింగి, నురగలాగా ఉబ్బి అక్కడే చస్తాయి. అనిచ్‌కోవ్ ఈ కణాలను కూడా చూశాడు. పైన పీచుతో ఒక మూత ఏర్పడుతుంది, ముయ్యి వేసిన కుండలాగా. రక్తపోటు, పొగాకు, మధుమేహం లోపలి పొరను దెబ్బతీసి ఈ పనిని తొందరపెడతాయి. చాలా గుండెపోట్లు గొట్టం మెల్లగా పూడిపోవడం వల్ల రావు. పలుచని మూత ఒక్కసారిగా చిట్లి, లోపలి జావ రక్తానికి తగిలి, నిమిషాలలో గడ్డకట్టడం వల్ల వస్తాయి. నిన్నటిదాకా నిక్షేపంలా తిరిగిన మనిషి మంచినీళ్ళు అడిగి పోవడానికి కారణం ఇదే. మందు మడ్డిని పూర్తిగా కడిగివెయ్యకపోయినా, మూతను గట్టిపరుస్తుంది.

శాస్త్రం చేసిన పొరపాట్లు కూడా చెప్పాలి, లేకపోతే పెద్దాయన ఒప్పుకోరు. 1968 నుంచి అమెరికావారు గుడ్డుసొన మీద కట్టడి పెట్టారు. తినే కొలెస్ట్రాల్‌కు రోజుకు 300 మిల్లీగ్రాములన్న హద్దును 2015లో వాళ్ళే తీసేశారు. చాలామందిలో గుడ్డు కంటె వెన్న, నెయ్యి, పామాయిల్ వంటి గడ్డకట్టే కొవ్వులే ఎల్.డి.ఎల్.ను ఎక్కువ పెంచుతాయి. నెయ్యికి బదులుగా చవకని మనమంతా పూరీలకూ మిఠాయిలకూ వాడిన వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు ఇంకా హానికరమని తేలింది. మన దేశంలో 2022 నుంచి దానికి నూటికి రెండు అనే హద్దు పెట్టారు. ‘మంచి’ కొలెస్ట్రాల్ అయిన హెచ్.డి.ఎల్.ను మందుతో పెంచితే మేలని అనుకున్నారు. అటువంటి మందు ఒకటి మరణాలను పెంచడంతో 2006లో ఆ పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఇక నూనె ప్యాకెట్ల మీద ‘కొలెస్ట్రాల్ లేదు’ అని అచ్చువేసి గొప్పలు పోవడం చూసి మోసపోకండి. గింజల నూనెలో అది చెప్పుకోదగ్గంత ఏనాడూ లేదు. వేరుశనగ నూనెకు ఆ బిరుదు ఇవ్వడం మా పెరటి ఆవు మాంసం తినదని చెప్పుకోవడం వంటిది.

మన వయసువారికి ఒక మాట. గుండెపోటో, స్టెంటో, పక్షవాతమో వచ్చినవారు ఎవరో చెప్పారని మాత్ర మానవద్దు. డెబ్బై అయిదు దాటి, ఏ గుండెజబ్బూ లేనివారు కొత్తగా మొదలుపెట్టాలా అన్నదానికి మాత్రం ఆధారాలు తక్కువ. అది డాక్టరుతో కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి. కాళ్ళ పీకులు, కండరాల నొప్పులు ఉంటే దాచకుండా చెప్పాలి. మోతాదు మార్చవచ్చు, మందూ మార్చవచ్చు.

మా అన్నయ్య కూతురు ఆ యేడాదే మందు మొదలుపెట్టింది. ఆమె కొడుకుకు అప్పటికి పదకొండేళ్ళు. పరీక్ష చేయిస్తే ఎల్.డి.ఎల్. 214. మడమల వెనుక ఇంకా ఏమీ లేవు. వాడికి కూడా డాక్టరుగారు చిన్న మోతాదు మాత్ర మొదలుపెట్టారు. ప్రతి ఆరు నెలలకూ పరీక్ష కాగితం రాగానే నాకు ఫోను చేసి అంకె చదువుతాడు. వాడికి అదొక స్కోరు. పోయిన నెలలో చదివింది 112.